లైసెన్సులో 12 బోరు, నాళం కింద 13: తాత గుర్రాల తుపాకి గురించి సలహా కావాలి

డిండివాగు:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఊరు. సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. తుపాకుల గురించి నాకు తెలిసిందల్లా మా ఇంట్లో ఒకటి ఉందని మాత్రమే.

మా తాత నిజాం జమానాలో పోలీస్ పటేల్. ఆయన రెండు నాళాల తుపాకిని ఊరంతా గుర్రాల తుపాకి అంటారు. వెనక కుందేలు చెవుల్లాగా లేచి ఉండే రెండు సుత్తుల్ని తాత ఘోడా అనేవాడట. ఊరి నోట్లో పడి ఘోడా కాస్తా గుర్రం అయింది. చిన్నప్పుడు నేను దాని మీద గుర్రం బొమ్మ ఎక్కడుందా అని వెతికేవాణ్ని.

నాయిన 2021లో పోయాడు. తుపాకి స్టేషన్లో జమ చేశాం. వారసుడిగా నా పేరు మీద లైసెన్సు రావడానికి అక్కల సంతకాలు, అఫిడవిట్లు, ఎంక్వయిరీలు అన్నీ కలిసి రెండేండ్లు దాటింది. చేతికొస్తుందనుకునేలోపు 2023 అసెంబ్లీ ఎన్నికలు, అవి కాగానే 2024 పార్లమెంటు ఎన్నికలు అని తుపాకి స్టేషన్లోనే ఉండిపోయింది. మొత్తానికి ఈమధ్యే గోనెసంచిలో చుట్టి ఇచ్చారు. సంచి విప్పితే నాకు ఏడుపొక్కటే తక్కువ. నాళాల మీద ఎర్రగా తుప్పు, మన పొలాల చెలక మట్టి పూసినట్టు. భుజానికి ఆనించే కట్టె భాగం కుందా, దాని మెడ దగ్గర వేలెడు పొడుగు బీట. కుడి గుర్రం లేస్తుంది కానీ బద్ధకంగా దిగుతుంది. ఎడమది సగం దాకా వచ్చి ఆగిపోతుంది. నాయిన ఏటా దసరా ముందు దానికి కొబ్బరి నూనె పట్టించేవాడు, అదంతా లోపల బంకలాగా అయిందని నా అనుమానం.

నాళాల మధ్య పట్టీ మీద ‘ఆర్.బి. రాడ్డా అండ్ కో, కలకత్తా’ అని ఇంగ్లీషులో చెక్కి ఉంది. ట్రిగ్గర్ గార్డు కింద ఇనుప నాలుక ఒకటి ఉంది, దాన్ని పక్కకు తిప్పితే నాళాలు కిందికి వంగుతాయి. వాటి అడుగున కిరీటం, దాని కింద అడ్డంగా రెండు కర్రలు, చుట్టూ బి, సి, పి అక్షరాలు. ఇంకో గుర్తులో వి. డైమండ్ గీతలో 12, దాని కింద సి. పక్కన విడిగా 13 అంకె. లైసెన్సులో ఉన్నది 12 బోరు. నంబరు సరిచూసే క్లర్కు ఈ 13 చూసి "ఇదేంది సార్, తుపాకి మారిందా?" అన్నాడు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. దసరా రోజు జమ్మి దగ్గర పాలపిట్టను చూసినాక తాత రెండుసార్లు గాల్లోకి పేల్చేవాడట. నాయిన కూడా కొన్నేండ్లు పేల్చి మానేశాడు. అమ్మకు 78 ఏండ్లు. "ఆ చప్పుడు ఇంకొక్కసారి వినాలి కొడకా" అంటుంది. బీరువాలో నాయిన కొన్న తూటాలు ఆరు ఉన్నాయి, 70 ఎంఎం అని రాసుంది. రెండు పెట్టి చూశాను, చక్కగా కూర్చున్నాయి. మరి పేల్చొచ్చా? ఇక మా బావమరిది ఒకడు. బుల్లెట్ బండి సైలెన్సర్లకు క్రోమ్ వేసే షాపు తెలుసు, అక్కడ ఇస్తే తళతళలాడిస్తారు అని వెంటబడుతున్నాడు. ఆపమంటారా, పంపమంటారా?

పాలమూరు ఆర్మరర్:

మాస్టారూ, ముందు ఆ తూటాలు బయటికి తీశారా? తీయకపోతే ఇప్పుడే తీసి, తుపాకి ఒక గదిలో, తూటాలు ఇంకో గదిలో తాళం పెట్టి, ఆ తర్వాత చదవండి. గుర్రాలు బద్ధకంగా దిగుతున్నాయని మీరే రాశారు. అలాంటి దాంట్లో నిజం తూటా పెట్టి చూడటమేంటి సార్? నేను ఆర్మ్‌డ్ రిజర్వులో ముప్పై ఏండ్లు తుపాకులు విప్పి బిగించి రిటైరయ్యాను. నేను చూసిన ప్రమాదాల్లో సగం ‘ఊరికే పెట్టి చూసినవే’.

13 గురించి దిగులు వద్దు. డైమండ్‌లో ఉన్న 12 తూటా కూర్చునే చాంబర్ సైజు. విడిగా ఉన్న 13 ప్రూఫ్ హౌస్‌లో, అంటే నాళాల్ని పరీక్షించి గుర్తు కొట్టే చోట, కొలిచిన రోజున నాళం లోపలి సైజు. పౌను సీసాన్ని 12 సమాన గుండ్లు చేస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో అది 12 బోరు, అంటే 18.5 ఎంఎం. 13 గుండ్లు చేస్తే చిన్నవవుతాయి కదా, అది 13 బోరు, 18 ఎంఎం చిల్లర. ఆ రోజుల్లో 12 బోరు తుపాకి నాళాలు 13కి తొలవడం మామూలే. మీ తుపాకి పన్నెండు బోరే. క్లర్కుకు ఇదే చెప్పండి. లెక్కల మాస్టారే కాబట్టి సుద్దముక్కతో వేసి చూపించండి.

మీరు కర్రలన్నవి రాజదండాలు. కిరీటం కింద అడ్డంగా రాజదండాలు, బి సి పి అంటే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904 దాకా కొట్టిన గుర్తు. డైమండ్ గుర్తు 1887లో మొదలైంది. కాబట్టి మీ తుపాకి ఆ మధ్య 17 ఏండ్లలోది. పేరు కలకత్తాది, పుట్టుక బర్మింగ్‌హామ్‌ది. రాడ్డా అంటే 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు 50 మౌజర్ పిస్తోళ్లు మాయం చేసిన కంపెనీ. మీ నల్గొండ వాళ్లకు తుపాకులు ఎత్తుకెళ్లిన కథలు కొత్త కాదు గానీ, ఊరికే చెప్తున్నా.

ఇప్పుడు ముఖ్యమైన మాట. మీరు రాసిన గుర్తుల్లో ఎన్.పి. అనే అక్షరాలు లేవు. అవి ఉంటే నైట్రో మందుకు, అంటే పొగలేని మందుకు పరీక్ష చేసినట్టు. లేవు కాబట్టి పాతకాలపు నల్ల తుపాకిమందుకే పరీక్ష అయింది. ఇవాళ దొరికే తూటాల్లో ఉండేది పొగలేని మందు. పైగా ఆ కాలం 12 బోరు చాంబర్లు ఎక్కువగా రెండున్నర అంగుళాలు, అంటే 65 ఎంఎం. ‘70 తూటా చక్కగా కూర్చుంది’ అన్నారు. కూర్చుంటుంది సార్! తూటా మూతి మడిచి ఉంటుంది కాబట్టి పేలకముందు పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకుంటే 70 అవుతుంది. ముందు చోటు లేక నాళం సన్నబడే దగ్గర ఇరుక్కుంటుంది. వెనకున్న ఒత్తిడి ఎటు పోవాలి? మీ ఎడమ చెయ్యి ఉన్నది సరిగ్గా అక్కడే.

క్రోమ్ షాపు మాట మళ్లీ ఎత్తొద్దు. వాళ్లు ముందు యాసిడ్‌లో ముంచుతారు, తర్వాత బఫ్ చక్రం పెడతారు. గుర్తులు, నంబరు, చెక్కుడు పని అన్నీ అరిగిపోతాయి, నాళం గోడ పల్చబడుతుంది. ఈ కాలం తుపాకులకు కాస్టిక్ ఉప్పుల్లో మరిగించి నల్లరంగు వేస్తారు, అదీ పనికిరాదు. మీ నాళాల్ని, మధ్య పట్టీల్ని కలిపి పట్టుకున్నది మెత్తటి టంకం. ఆ ఉప్పులు టంకాన్ని తినేస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఏడాదికి పట్టీ లేస్తుంది.

మరి ఏం చెయ్యాలంటే, నాళాలు విడదీసి, సన్నటి నూనె పట్టించి రెండు రోజులు వదిలేయండి. అన్నిటికన్నా సన్న రకం స్టీల్ ఊలుతో, నూనె తడి మీదే, ఒక్క చోట అరచేతి మేర రుద్ది చూడండి. కింద నీళ్లలో అలల్లాగా, పాము కుబుసంలాగా గీతలు కనిపిస్తే డమాస్కస్ నాళం. కనిపించగానే ఆపేసి ఇక్కడ రాయండి. గుర్రాల్ని ఆడించే తాళాలు బిగించి ఉండే లాక్ ప్లేట్ల జోలికి మీరు పోవద్దు. ఆ స్క్రూల గాడి వెంట్రుకంత సన్నం, బజారు స్క్రూడ్రైవర్ పెడితే అంచులు చితుకుతాయి.

ఎర్రచెలక:

డమాస్కస్ అంటే మన కోనసముద్రం ఉక్కే కదన్నా? నిజామాబాద్ జిల్లాలోది. పర్షియా వాళ్లు వచ్చి కొనుక్కుపోయేవాళ్లని చదివిన. అట్లయితే ఆ నాళం వందల ఏండ్లు ఉండాలె, భయమెందుకు?

ఇంకోటి, మా మేనమామది కూడా ఇట్లాంటిదే ఉండె. పందుల కోసమని పేలిస్తే నాళం పక్కకు చీలింది. రెండు వేళ్లు పోయినయ్. మరి అది ఏ ఉక్కో తెలవదు.

పాలమూరు ఆర్మరర్:

తమ్మీ, నీ రెండో ముక్కే మొదటి ముక్కకు జవాబు చెప్తోంది. కోనసముద్రం ఉక్కు మూసలో కరిగించి తీసిన ముద్ద, దాంతో కత్తులు కొట్టారు. ఈ నాళాలకు పేరొక్కటే అరువు. ఇనుము, ఉక్కు చువ్వల్ని కలిపి జడలాగా మెలేసి, పట్టీగా సాగగొట్టి, ఆ పట్టీని కడ్డీ చుట్టూ చుట్టి కొలిమిలో అతికిస్తారు. నాళం పొడుగునా అతుకే. పనిమంతుడు చేసినవి గట్టివే, నైట్రో పరీక్షకు నిలిచినవి కూడా ఉన్నాయి. కానీ వందేండ్ల తర్వాత ఏ అతుకులో తుప్పు దూరిందో బయటికి కనబడదు.

గడియారం సెంటర్:

నేను నల్గొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. నాలుగు ముక్కలు.

పాతది కదా, లైసెన్సు ఎందుకని ఈ పోస్టు చదివే ఎవరైనా అనుకుంటారు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 45లో పాత కాలపు ఆయుధాలకు మినహాయింపు ఉంది కానీ, బాగు చేసినా చేయకపోయినా పేలే స్థితిలో లేనివాటికే. మీది బాగు చేస్తే పేలేది కాబట్టి లైసెన్సు ఉండాల్సిందే. మీరు తెచ్చుకున్నారు, మంచిది. నాయిన బతికుండగానే ఈ పని అయ్యేది. 2016 రూల్స్‌లో 25వ రూలు ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏండ్లు నిండినా, 25 ఏండ్లు తుపాకి ఉంచుకున్నా వారసుడికి ఇప్పించుకోవచ్చు. మీరు స్టేషన్లో పోగొట్టుకున్న ఆ వానాకాలాలు తప్పేవి. మిగతా వాళ్లకు పనికొస్తుందని చెప్తున్నా.

రిపేరు లైసెన్సున్న వాళ్ల దగ్గరే చేయించాలి. తుడుచుకోవడం, నూనె రాయడం వేరు. నంబరు గానీ గుర్తింపు గుర్తులు గానీ చెరిపితే అదే ఒక నేరం. బావమరిదికి ఇది చదివి వినిపించండి.

ఇక దసరా. 2019 సవరణ తర్వాత పెళ్లిళ్లలో, పండగల్లో, జనం మధ్య ప్రాణాలకు ముప్పు వచ్చేలా పేలిస్తే రెండేండ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. జమ్మి దగ్గర ఊరంతా ఉంటుంది, అందరి చేతిలో ఫోను ఉంటుంది. అమ్మగారికి నా నమస్కారం, కానీ కుదరదు.

మీ ఊరు చందంపేట వైపు అయితే ఇంకొకటి చూసుకోండి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల ఉండే లైసెన్సుదారులు వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 కింద అటవీశాఖలో పేరు నమోదు చేయించుకోవాలి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మీ జిల్లాలోకి కూడా వస్తుంది. ఎర్రచెలక గారూ, పంట తినే పంది అయినా అనుమతి లేకుండా కొడితే కేసే.

బాడిస:

మేం వడ్లోళ్లం, ఇప్పుడు మిర్యాలగూడలో ఫర్నిచర్ పని. కుందా గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్న.

అది అక్రోటు కట్టె. కొత్త కుందా టేకుతో చేసిస్తామని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. టేకు నార వెంట చీలుతుంది, మెడ దగ్గర వెనక్కి తన్నే దెబ్బకు ఆగదు. ఉన్నదాన్నే కాపాడుకోండి. బీట దగ్గర కట్టె నల్లగా, మెత్తగా ఉందా? ఉంటే అది ఏండ్ల తరబడి నూనె తాగిన కట్టె. తుపాకిని మూతి పైకి పెట్టి నిలబెడతారు, నూనె అంతా జారి కుందా తలలోకి దిగుతుంది. నూనె కట్టెకు ఏ జిగురూ పట్టదు. మెకానిక్ ఇనుము విడదీసి ఇచ్చినాక కట్టెకు ముల్తానీ మట్టి అసిటోన్‌లో కలిపి మందంగా పట్టించి ఎండనివ్వండి. మట్టి నూనె పీల్చి ముదురు రంగుకు తిరుగుతుంది, దులిపి మళ్లీ పట్టించాలె. మా దగ్గరికి వచ్చిన ఒకదానికి తొమ్మిది సార్లు పట్టించినం. మట్టి రంగు మారకుండా ఉండిపోయిన రోజు జిగురు పెట్టినం.

పైన వార్నిష్ కొట్టొద్దు. పెయింట్ షాపులో దొరికే ఉడికించిన అవిసె నూనె, రెండు చుక్కలు, అరచేత్తో వేడి పుట్టేదాకా రుద్దాలె. రోజుకు ఒక్కసారే. నెల పడుతుంది. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూలకు పడెయ్యొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి పారెయ్యండి. ఇంకనుంచి తుపాకి మూతి కిందికి పెట్టి నిలబెట్టండి. తోలు సంచిలో మాత్రం దాచొద్దు, వానాకాలం తేమ అంతా తోలే పీలుస్తుంది.

డిండివాగు:

అందరికీ దండాలు. తూటాలు వేరే గదిలో పెట్టాను. ఆర్మరర్ సార్, మీరు చెప్పినట్టే అరచేతి మేర రుద్దాను. రెండో రోజు సాయంత్రం కనిపించింది. గోధుమ రంగు మీద వెండి గీతలు, సన్నగా సుడులు తిరుగుతూ, ఎండిన చెరువులో నీళ్లు దిగిన జాడల్లాగా. అమ్మను పిలిచి చూపించాను. "నేను కాపురానికి వచ్చినప్పుడు గిట్లనే ఉండె" అంది. నలభై ఏండ్లుగా నేను చూసింది తుప్పూ నూనే కలిసిన మసి అన్నమాట.

పాలమూరు ఆర్మరర్:

శుభం. ఇక ఆపండి. హైదరాబాద్‌లో లైసెన్సున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి మూడు కొలతలు అడగండి. చాంబర్ పొడుగు, వెనక నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర నాళం లోపలి సైజు, గోడ మందం. 13 గుర్తు ఉంది కాబట్టి పుట్టినప్పటి సైజు మనకు తెలుసు, ఎంత పెరిగితే అంత లోహం పోయినట్టు. మందం గేజీ లేనివాడు కంటితో చూసి ‘ఏం కాదు సార్’ అంటే లేచి వచ్చేయండి.

గుర్రాల సంగతి కూడా అడగండి. ఆ కాలానికి గుర్రం తూటాను పేల్చే పిన్నును కొట్టి తనంతట తాను కొంచెం వెనక్కి వచ్చే తాళాలు వచ్చేశాయి. మీది వెనక్కి రావట్లేదంటే కొబ్బరి నూనె బంకే కావచ్చు. అట్లా పిన్ను మీదే ఆగిపోయిన గుర్రం కింద తూటా ఉంటే, వెనక నుంచి ఒక్క దెబ్బ తగిలినా పేలుతుంది.

డిండివాగు:

మూడు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి.

చాంబర్లు రెండూ 65. కుడి నాళం లోపల 18.1, గోడ అన్నిచోట్లా 0.7 ఎంఎం పైనే. ఎడమది లోపల 18.4. ఎప్పుడో ఎవరో తుప్పు గుంటలు పోవడానికి తొలిచారట. ఒకచోట గోడ 0.4 మాత్రమే. మెకానిక్ పెద్దాయన ఆ చోట సుద్దతో గీసి, "మీ నాయిన చివరిసారి పేల్చినప్పుడు ఇక్కడ చెయ్యి లేకపోవడం మీ అదృష్టం" అన్నాడు. నాయిన ఎందుకు మానేశాడో మాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు ఏదో తెలిసే ఉంటుంది.

పేల్చడం లేదు. అనుకున్నంత బాధ కలగలేదు. నాళాలకు కొత్త రంగేమీ వేయించలేదు, నూనెతో తుప్పు తీసి వదిలేశాం. కుందాకు ముల్తానీ మట్టి పన్నెండు సార్లు పట్టింది బాడిస అన్నా, మీ తొమ్మిది రికార్డు పోయింది. బీట ఇప్పుడు వెలుతురుకు పెట్టి చూస్తే తప్ప కనబడదు. కుడి తాళం విప్పితే కొబ్బరి నూనె తేనె రంగు బిళ్లగా వచ్చింది. కడిగాక గుర్రం టక్కున కొట్టి, మీరన్నట్టే వెనక్కి వచ్చి కూర్చుంటోంది. మెకానిక్ పిన్నులు పాడవకుండా ఇత్తడి ఉత్త తూటాలు రెండు ఇచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక తీసి ముందు ట్రిగ్గర్ నొక్కుతాను. ముందుది కుడి నాళానికి, వెనకది ఎడమకు అని ఈ వయసులో నేర్చుకున్నాను. బొటనవేలితో గుర్రాన్ని లేపినప్పుడు రెండు మెట్లుగా ‘కట్, కట్’ అంటుంది. దాని కోసమే రోజూ తీస్తున్నానేమో అని మా ఆవిడ అనుమానం.

దసరాకు పూజలో పెట్టాం, జమ్మి దగ్గరికి తీసుకుపోలేదు. ఇంటికొచ్చాక అమ్మ చేతిలో పెట్టి, ఉత్త తూటాలు ఆమెకు చూపించి, నాళం గోడ వైపు తిప్పి, ట్రిగ్గర్ నొక్కమన్నాను. రెండు చేతులా నొక్కింది. టక్ మంది.

"గింతేనా?" అంది.

"గింతేనే అమ్మా."

కాసేపు గుర్రాన్ని తడిమి, "మీ తాత పేలిస్తే బర్లు తెంపుకొని ఉరికేటియి" అని జమ్మి ఆకు బంగారం పెట్టడానికి పక్కింటికి పోయింది.

ఆర్మరర్ సార్, ఎడమ తాళం ప్లేటు స్క్రూ ఒకటి ఇంకా వదల్లేదు. మెకానిక్ బలవంతం చేయనన్నాడు. రోజూ రెండు చుక్కల నూనె వేసి చూడమన్నాడు, వేస్తున్నాను. ఇంకేమైనా ఉపాయం ఉందా?

పాలమూరు ఆర్మరర్:

ఆయన సరైన మనిషి, వదులుకోకండి. రెండు చుక్కలు వేస్తూనే ఉండండి. నాకు ఒక స్క్రూ పదకొండు నెలలకు వదిలింది.